సుంకరి ముందర సుఖదుఃఖాలు

శ్రీశైలం రోడ్డు మీద కందుకూరు దాటి ఉత్తరంగా తుక్కుగూడ వైపు సైకిలు తొక్కుతూ పోతే, బాహ్యవలయ రహదారి ఇంకా కనబడకముందే విమానాలు కనబడతాయి. శంషాబాదులో దిగబోయేవి చక్రాలు చాపుకొని, పొలాల మీదుగా, వెంచర్ల హద్దురాళ్ళ మీదుగా, మెల్లగా కిందికి జారుతుంటాయి. 2008 మార్చిలో ఆ విమానాశ్రయం తెరిచినప్పటి నుండి ఈ దృశ్యం మాకు అలవాటే. కానీ ఒక వేసవి నెలంతా నేను వాటిని మరో దృష్టితో చూశాను. వాటిలో ఏదో ఒకదాని కడుపులో నా పొట్లం ఉంది. దాని బరువు యాభై గ్రాములకు మించదు. అది వస్తే తప్ప నా సైకిలు కదలదు.

(కోస్తా మిత్రులకు ఒక మనవి. ఇది మీ కందుకూరు కాదు, రంగారెడ్డి జిల్లా కందుకూరు. వీరేశలింగం గారి ఇంటిపేరుతోనూ దీనికి చుట్టరికం లేదు. మీర్‌ఖాన్‌పేట, ముచ్చర్ల అని ఈ మధ్య పత్రికల్లో చదువుతున్నారే, ఆ ఊళ్ళున్న మండలం.)

ఇంతకూ ఆ పొట్లంలో ఉన్నది ఏమిటంటే, ఒక కొక్కెం. గేర్ల సైకిలుకు వెనుక చక్రం ఇరుసు పక్కన, గేరు మార్చే యంత్రాన్ని చట్రానికి తగిలించే బొటనవేలంత సిల్వరు ముక్క. మెకానిక్కులు హ్యాంగరంటారు. ఆ యంత్రాన్ని డిరైలరు అంటారు. ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరుకు అర్థం 'పట్టాలు తప్పించునది' అని. చైనును ఒక పళ్ళచక్రం మీదినుండి తప్పించి మరొకదాని మీదికి నెడుతుంది కనుక ఆ పేరు. తెలుగులో దీనికి మంచి మాట ఎవరికైనా తోస్తే చెప్పగలరు. నాకు తోచినవన్నీ రైలు ప్రమాద వార్తల్లా ఉన్నాయి.

కొక్కేన్ని కావాలనే మెత్తగా చేస్తారు. సైకిలు కుడివైపు పడిపోయినా, ముళ్ళకంప చక్రంలో ఇరుక్కున్నా ముందు ఇది వంగాలి, లేదా విరగాలి. ఇది విరగకపోతే చట్రం విరుగుతుంది. వేల రూపాయల చట్రాన్ని కాపాడటానికి తాను బలి అయ్యే ముక్క అది. యంత్రశాస్త్రంలో ఇంత ఉదాత్తమైన వస్తువు మరొకటి ఉన్నదో లేదో నాకు తెలియదు. దానిలో ఒకటే దోషం. ఒక్కొక్క చట్రానికి ఒక్కొక్క ఆకారం. కంపెనీని బట్టి, మోడలును బట్టి, చివరికి తయారైన సంవత్సరాన్ని బట్టి కూడా మారుతుంది. రంధ్రం ఒక మిల్లీమీటరు పక్కన ఉంటే పనికిరాదు.

2024 వేసవిలో ఒక ఉదయం నా కొక్కెం విరిగింది. ఎవరి తప్పూ లేదు. గుంత తప్పించబోయి పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది, సైకిలు కుడిపక్కకు పడింది. సైకిలును నడిపించుకుంటూ మా మెకానిక్ దగ్గరికి చేరాను. ఆయన తండ్రి కాలంలో అది అద్దె సైకిళ్ళ దుకాణం. మన వైపు అప్పట్లో 'సైకిలు టాక్సీ' అనేవారు. ఇప్పుడు సగం దుకాణం బైకుల పంక్చర్లది, సగం సైకిళ్ళది. ఆయన విరిగిన ముక్కను అరచేతిలో పెట్టుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది ఇనుము గాదు సార్, సిల్వరు. వెల్డింగు పట్టది. కొట్టి సాపు జేద్దామన్నా ఇరుగుతది."

"కోఠిలో దొరుకుతుందా అన్నా?"

"హీరో, అట్లాసు సామానంటే ఏడికైనా తెస్త. గీ గేర్లయి ఎవడు పెడ్తడు సార్? కొన్న కాడ్నే అడుగుండ్రి."

కొన్నచోట అడిగాను. చల్లని గది, గోడ నిండా సైకిళ్ళు, ఒక్కొక్కటి నలభై వేలు మొదలు. కొన్న రోజున కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చిన ఆ దుకాణంవారు ఈసారి కంప్యూటరులో వెదికి, 'సార్, ఈ మోడలు ఆగిపోయింది' అన్నారు. కొని నాలుగేళ్ళు. మరి ఏం చేయమంటారని అడిగితే, ఎక్స్ఛేంజిలో కొత్త సైకిలు తీసుకోమన్నారు. చెప్పు తెగిందని పోతే కాలు మార్చుకొమ్మన్నట్టుంది.

అప్పుడే నేను సముద్రాల అవతలి అంగళ్ళను ఆశ్రయించాను. మొదటిసారి కాదు. అంతకు ముందు టైర్లు, బ్రేకు రబ్బర్లు, చైన్లు తెప్పించినవాడినే. చట్రం మీది అంకెను కొట్టగానే, రెండు వందల ఆకారాల కొక్కేల బొమ్మల నడుమ నాది కనబడింది. రాత్రి పదకొండు గంటలకు నా గదిలో ఒంటరిగా 'దొరికింది!' అని అరిచాను. ఇంట్లోవాళ్ళు లేచి వచ్చారు.

కొక్కెం సముద్రాలు దాటడానికి నాలుగు రోజులు పట్టింది. భారతదేశంలో దిగిన తరువాత నా చేతికి రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. ఏ నగరంలో దిగిందో, ఏ కొరియరు సంస్థ తెచ్చిందో చెప్పను. ఒక కార్యాలయాన్నో, అందులో కూర్చున్న గుమాస్తానో వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. వాళ్ళు తమ ముందున్న కాగితం ప్రకారం చేశారు. నా తగవు ఆ కాగితంతోనే. ఆధారు పంపమన్నారు, పంపాను. పాను పంపమన్నారు, పంపాను. 'ఈ వస్తువు యొక్క ఉపయోగం ఏమి?' అని అడిగారు. ఏమని చెప్పను? 'విరగడం' అని రాయబోయి మానుకున్నాను. చివరికి సుంకమూ, పన్నూ, కొరియరు సంస్థ వారి 'సేవా రుసుమూ' కలిసి కొక్కెం ధరను దాటిపోయాయి. సుంకాన్ని లెక్కగట్టేది వస్తువు ధర మీద మాత్రమే అనుకునేరు, దానిని మోసుకొచ్చిన కిరాయి కూడా కలిపి దాని మీద కడతారు. దూరంగా ఉన్నందుకు కూడా పన్నే.

సుంకరి ముందర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు అని సామెత. చెప్పుకుని లాభం లేదని పెద్దలు ఎప్పుడో తేల్చారు. అందుకే మీ ముందు చెప్పుకుంటున్నాను.

విషయానికి వస్తాను. మన సుంకాల పట్టికలో సైకిలు విడిభాగాలకు ఒక ఇల్లుంది. దాని సంఖ్య 8714. వ్యాపారి ఒక పెట్టెడు కొక్కేలను దిగుమతి చేసుకుంటే అవి ఆ ఇంటికి పోతాయి. నేను ఒక్క కొక్కేన్ని తెప్పించుకుంటే అది ఆ ఇంటి గడప తొక్కదు. పట్టిక చివర 9804 అనే మరో ఇల్లుంది. తపాలాలోనో విమానంలోనో వ్యక్తిగత వినియోగానికి వచ్చే సుంకార్హమైన వస్తువులన్నిటినీ కట్టగట్టి అందులోకి తోస్తారు. అత్తరు సీసా, చేతిగడియారం, బొమ్మ, నా కొక్కెం అన్నీ అక్కడ ఒకే కులం. ఏ వస్తువో, దేనికి పనికొస్తుందో ఎవరికీ అక్కర లేదు.

తేడా ఎంత? 2017 జులైలో జీఎస్టీ వచ్చిన తరువాత సైకిలు మీద, దాని విడిభాగాల మీద పన్ను 12 శాతం. అదే విడిభాగం నా పేరున విదేశం నుండి వస్తే 9804 కింద 28 శాతం. సిగరెట్లు, విలాసపు కార్లు ఉండే అంతస్తు అది. 2025 సెప్టెంబరు 22న రేట్లను సవరించారు. సైకిళ్ళకు, భాగాలకు 12 నుండి 5కు తగ్గింది. సంతోషమే. 9804కు 28 నుండి 18కి తగ్గింది. అదీ సంతోషమే. కానీ పలక మీద లెక్క వేసి చూడండి. ఇదివరకు నేను దుకాణంలో కొనేవాడికన్నా రెండింతల పైచిలుకు పన్ను కట్టేవాడిని. ఇప్పుడు మూడింతల పైచిలుకు కడుతున్నాను. తగ్గించగా తగ్గించగా వ్యత్యాసం పెరిగింది! అసలు దిగుమతి సుంకం దీనికి అదనం. దాన్ని కూడా వ్యక్తిగత దిగుమతులకు 20 శాతం నుండి 10కి దించుతామని 2026 ఫిబ్రవరి 1 నాటి బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి ప్రకటించారు. మంచి మాటను మంచి మాటే అంటాను. నా అభ్యంతరం మాత్రం ఎక్కువ తక్కువల గురించి కాదు. ఒకే వస్తువు తెప్పించినవాణ్ణి బట్టి రెండు వస్తువులైపోవడం గురించి. వ్యాపారికి అది సరుకు. నాకు అది విలాసం. విరిగిన సైకిలును బాగుచేసుకోవడం విలాసమెలా అయింది?

ఈ మాట అన్నందుకు ఒక మిత్రుడు నన్ను గట్టిగా మందలించాడు. ఆయన సాహిత్యాభిమాని, దేశాభిమాని, కారులో తిరుగుతాడు. 'లుధియానాలో లక్షలమంది సైకిళ్ళు చేసి బతుకుతున్నారు. నువ్వు పౌండ్లలో, డాలర్లలో సామాను తెప్పిస్తే వాళ్ళ పొట్ట కొట్టినట్టే. గాంధీగారి దేశంలో పుట్టి ఇదేం పని?' అన్నాడు. తేలిగ్గా తీసిపారేయదగిన మాట కాదిది. జవాబు చెప్పవలసిందే.

మన దేశపు సైకిలు చరిత్రను ఒకసారి తిరగేద్దాం. మా నాయనల కాలంలో పెళ్ళికొడుకులు అలిగి సాధించుకున్న సైకిళ్ళ పేర్లేమిటి? ర్యాలీ, హెర్క్యులిస్, బీయస్సే. ర్యాలీ నాటింగ్‌హామ్‌ది. హెర్క్యులిస్ బర్మింగ్‌హామ్‌ది. బీయస్సే అనే మూడక్షరాలు బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ అనే తుపాకుల కంపెనీ పొడి పేరు. ఓడల్లో వచ్చిన ఆ సైకిళ్ళ మీదే మన స్వదేశీ కార్యకర్తలూ ఊరూరా తిరిగారు. నైజాము ఇలాకాలోకి వచ్చే సరుకులకు కరోడ్‌గిరీ శాఖ వారు వేరే సుంకం వసూలు చేసేవారు. అంటే మా కందుకూరు వాడు విదేశీ సైకిలు కొంటే ఇద్దరు సుంకరుల ముందు నిలబడవలసి వచ్చేదన్నమాట. మాకిది వంశపారంపర్యమైన అనుభవం.

స్వాతంత్ర్యం తరువాత 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్ మొదలైంది, ఇంగ్లండులోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ వారి పొత్తుతోనే. అసన్సోల్‌లో సేన్-ర్యాలీ వచ్చింది. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో. వీళ్ళంతా కలిసి ఒక అద్భుతం చేశారు. దానికి ఈ దేశం వాళ్ళకు ఋణపడి ఉంది. నల్లటి నిలువు సైకిలును, దాని ప్రతి మరనూ, ప్రతి గోళీనీ, ప్రతి పుల్లనూ ప్రతి పల్లెలో దొరికేలా చేశారు. ఇవాళ కూడా శ్రీశైలం రోడ్డు మీద ఏ ఊళ్ళో ఆగినా ఆ సైకిలుకు ట్యూబు దొరుకుతుంది, పెడలు దొరుకుతుంది, బెండు తీసేవాడు దొరుకుతాడు. నా దృష్టిలో స్వదేశీ అంటే అది. సైకిలు అమ్మడం కాదు, ముప్పయ్యేళ్ళపాటు దాని పుల్ల అమ్మడం.

ఆ వాగ్దానాన్ని గేర్ల సైకిలు దగ్గర మనం తెగ్గొట్టాం. రంగురంగుల గేర్ల సైకిళ్ళను మార్కెట్టులోకి వదిలారు. వాటి గేర్లు ఎక్కువగా జపాను షిమానో వారివి, లేదా వారిని చూసి ఇతరులు చేసినవి. సైకిలుతో పాటు దాని విడిభాగాల భవిష్యత్తును మాత్రం దిగుమతి చేసుకోలేదు. 2012–13 బడ్జెట్లో దేశీయ పరిశ్రమ రక్షణకని సైకిళ్ళ మీద దిగుమతి సుంకాన్ని 10 శాతం నుండి 30కి, విడిభాగాల మీద 10 నుండి 20కి పెంచారు. 2023లో సైకిళ్ళ మీద 35 చేశారు. రక్షణ అనే మాటను నేను గౌరవిస్తాను. ఎవరికి రక్షణ కలిగిందో మాత్రం అడుగుతాను. సాహిబాబాద్‌లోని అట్లాస్ కర్మాగారం 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం. ఇంత క్రూరమైన హాస్యం కథలో రాస్తే అతిగా ఉందంటారు. సుంకం ఆ కార్మికులను కాపాడలేకపోయింది. నా కొక్కేన్ని లుధియానాలో ఎవరూ చేయడం లేదు. చేస్తే, అది ఇంగ్లండు ధరకే వచ్చినా సరే, కొనకపోవడానికి నాకు కారణం లేదు. లేనివాడి పొట్ట ఎలా కొట్టగలను?

మిత్రుడికి ఈ జవాబు నచ్చలేదు. కారెక్కి వెళ్ళిపోయాడు.

ఇక మనవాళ్ళకు కూడా నాలుగు మాటలు చెప్పాలి. విదేశాల నుండి సామాను తెప్పించే సైకిలువాళ్ళమంతా ధర్మరాజులమేమీ కాదు. ఒకప్పుడు అయిదు వేల రూపాయల లోపు బహుమతులకు సుంకం లేదు. చైనా అమ్మకందార్లు ప్రతి పొట్లం మీదా 'బహుమతి' అని రాసి పంపేవారు. షెంజెన్‌లో ముక్కూ మొహం తెలియని పుణ్యాత్ముడు నాకు చైను బహూకరించాడు, టైరు బహూకరించాడు, ఒకసారి దీపావళికి ముందు రెండు జతల బ్రేకు రబ్బర్లు బహూకరించాడు. నేను డబ్బు కట్టి ఆ బహుమతులు స్వీకరించాను. అది అబద్ధమని నాకు తెలుసు. 2019 డిసెంబరులో ప్రభుత్వం ఆ మినహాయింపును రాఖీలకు, ప్రాణరక్షక ఔషధాలకు మాత్రం మిగిల్చి తీసేసింది. తీసేయడానికి కారణం మా వంటివాళ్ళమే. అమెరికాలో ఉన్న మేనత్త కొడుకు నిజంగా పంపే బహుమతి కూడా మా పుణ్యాన పోయింది. మరుసటి ఏడాది, 2020 నవంబరు 24న, నిషేధించిన 43 యాప్‌లలో అలీఎక్స్‌ప్రెస్ కూడా చేరింది. సరిహద్దు ఉద్రిక్తతల నడుమ తీసుకున్న నిర్ణయం అది. దాని గురించి నేను వాదించను.

వాదించేది వేరే. చవకగా వస్తున్నది కదా అని ఏది పడితే అది తెప్పించడం మూర్ఖత్వం. పేరున్న కంపెనీ ముద్ర వేసిన నకిలీ కార్బను హ్యాండిళ్ళు అసలు ధరలో పదో వంతుకు దొరుకుతాయి. దిగుడులో గంటకు యాభై కిలోమీటర్ల వేగంలో అది చేతిలో విరిగితే ఫిర్యాదు ఎవరికి చేసుకుంటారు? చేసుకోవడానికి పళ్ళుండాలి కదా. నా నియమం సులభం. ప్రాణం దేని మీద ఆనుకుంటుందో దానిని ముఖం చూసి కొనాలి. హ్యాండిలు, దాన్ని పట్టి ఉంచే మెడ, ముందు ఫోర్కు, హెల్మెట్టు ఇవన్నీ ఆ జాతివి. విఫలమైతే నడిచి ఇంటికి రాగలిగిన వస్తువులను దూరం నుండి తెప్పించుకోవచ్చు. కొక్కెం, చైను, గేరు తీగె, సంచి, పంపు, వెనుక దీపం ఆ కోవలోకి వస్తాయి.

ఇక గ్రాములు లెక్కపెట్టే సోదరులు. రెండు వందల గ్రాములు తగ్గించడానికి ముప్పై వేలు పోసి చక్రాలు తెప్పించి, వెళ్ళే ముందు మూడు ఇడ్లీలు, ఒక వడ తింటారు. వారి కోసం నేను సుంకరితో పోట్లాడటం లేదు. వారి మీద ఎంత పన్ను వేసినా నాకు నిద్ర పడుతుంది.

నేను పోట్లాడేది బాగుచేసుకునేవాడి కోసం. చైను సంగతే చూడండి. కొత్త చైనులో ఇరవై నాలుగు లంకెలు సరిగ్గా పన్నెండు అంగుళాలు. పిల్లల స్కేలు పెట్టి కొలవవచ్చు. అరుగుతున్నకొద్దీ సాగుతుంది. వీసం అంగుళం సాగితే చైను మార్చాలి. వీసం అంటే పదహారో వంతని మన కొలతలు మరచిపోయినవారికి గుర్తుచేస్తున్నాను. బద్ధకించి రెండు వీసాలు సాగనిస్తే వెనుక పళ్ళచక్రాలు కూడా అరిగిపోతాయి, వాటి ధర చైనుకు అనేక రెట్లు. (రెండు వీసాలంటే అమెరికా మిత్రులు ఉలిక్కిపడవద్దు.) అంటే సమయానికి దొరికిన ఒక చిన్న వస్తువు పెద్ద ఖర్చును ఆపుతుంది. సమయానికి దొరకకపోతే సైకిలు బాల్కనీ ఎక్కుతుంది. హైదరాబాదులో ఏ అపార్టుమెంటు బాల్కనీలోకైనా తొంగిచూడండి, తులసికోట పక్కన గాలి పోయిన గేర్ల సైకిలు కనబడుతుంది. అందులో సగం బద్ధకం వల్ల అయితే, మిగతా సగం ఇదిగో ఈ బొటనవేలంత ముక్కలు దొరక్క.

కనుక విదేశీ అంగళ్ళనే నమ్ముకుందామా? అదీ కుదరదు. ఉత్తర ఐర్లండులో బాలినూరు అనే ఊరుంది. పేరు చూస్తే మన మహేశ్వరం పక్కనున్నట్టు లేదూ! 1984లో అక్కడ ఒక దంపతులు చిన్న సైకిలు దుకాణం పెట్టారు. అదే చెయిన్ రియాక్షన్ సైకిల్స్‌గా పెరిగి, ప్రపంచానికంతా సామాను పంపింది. ఒక దశాబ్దం పైగా మన దేశపు సైకిలువాళ్ళకు అది కల్పవృక్షం. 2016లో ఇంగ్లండులోని విగిల్‌తో కలిసింది. 2023 అక్టోబరులో వెనుకనున్న పెట్టుబడిదారులు చేతులెత్తేయగా దివాళా ప్రక్రియలోకి వెళ్ళింది. ఆ తరువాత పేరు మరొకరి చేతికి మారింది. పల్లెటూరి దుకాణం ప్రపంచాన్ని గెలవడమూ, ప్రపంచం ఆ దుకాణాన్ని మింగడమూ నలభయ్యేళ్ళలో జరిగిపోయాయి. ఇంగ్లండులో వీధి చివరి సైకిలు దుకాణాలవాళ్ళు అప్పటికి చాలాకాలంగా దాన్ని తిట్టుకుంటూనే ఉన్నారు, వాళ్ళ తిట్లలోనూ న్యాయముంది. మా మెకానిక్ అన్న దుకాణం మూతపడి, నా దగ్గర మాత్రం విదేశీ కొక్కేలు పెట్టె నిండా ఉంటే ప్రయోజనమేమిటి? బిగించేదెవరు? నిజం చెప్పాలంటే, నేను తెప్పించిన ప్రతి వస్తువుకూ ఆయనకు పని దొరికింది. సైకిలు బాల్కనీ ఎక్కితే ఆయనకేం దొరుకుతుంది?

లోకమంతా ఇలాంటి చిన్న పొట్లాలకు తలుపులు మూస్తుంటే నీకొక్కడికీ తెరవాలా అని అడగవచ్చు. నిజమే, ఐరోపా సమాఖ్య 2021 జులై 1 నుండి చిన్న పొట్లాలకున్న పన్ను మినహాయింపును తీసేసింది. అమెరికా 800 డాలర్ల లోపు పొట్లాలకిచ్చిన సౌకర్యాన్ని 2025 ఆగస్టు చివరలో అందరికీ ఆపింది. నేను మినహాయింపు అడగడం లేదని గమనించండి. ఐరోపావారు మినహాయింపు తీసేసినప్పుడు చేసిందేమంటే, విదేశీ పొట్లం మీద కూడా తమ దుకాణంలో ఉన్న పన్నే వేశారు. అక్కడ వీధి దుకాణానికీ, దూరపు దుకాణానికీ ఒకే రేటు. నాకూ అదే ఇమ్మంటున్నాను. దుకాణంలో కొక్కెం మీద 5 శాతమైతే నా పొట్లంలోని కొక్కెం మీదా 5. దాని ఇంటిపేరు 8714. నా పేరున వచ్చినంతమాత్రాన దానికి ఇంటిపేరు మార్చవద్దు.

రెండో కోరిక సర్కారు కన్నా అమ్మేవాళ్ళను ఉద్దేశించినది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'బాగుచేసుకునే హక్కు' కోసం ఒక సంఘాన్ని వేసింది, ఆ ఏడాది చివర ఒక పోర్టలు కూడా తెరిచింది. నాలుగు రంగాలను ఎంచుకున్నారు. వ్యవసాయ పనిముట్లు, సెల్‌ఫోన్లు తదితర ఎలక్ట్రానిక్ పరికరాలు, గృహోపకరణాలు, మోటారు వాహనాలు. సైకిలు పేరు ఆ జాబితాలో లేదు. ఎందుకుండాలి అనుకున్నారేమో. సైకిలును ఎవడైనా సుత్తితో బాగుచేస్తాడనే పాత నమ్మకం కావచ్చు. నల్ల సైకిలుకు అది నిజం. నలభై వేల సైకిలుకు నిజం కాదు. సైకిలు అమ్మినవాడు పదేళ్ళపాటు దాని కొక్కేన్ని అమ్మాలని ఒక్క నిబంధన రాస్తే, నేను ఇంగ్లండు వైపు కన్నెత్తి చూడను.

మనది సైకిళ్ళను ప్రేమించే రాజధాని అని చెప్పుకుంటాం. 2023 అక్టోబరులో బాహ్యవలయ రహదారి పక్కన నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపున సుమారు 23 కిలోమీటర్ల సైకిలు దారిని, పైన సౌరఫలకాల కప్పుతో సహా కట్టారు. ఒకసారి వెళ్ళి తొక్కి వచ్చాను, బాగుంది. ఆదివారం ఉదయం అక్కడ కనబడే సైకిళ్ళు మా కందుకూరు దారిలో కనబడవు. ఇక్కడ తెల్లవారుజామున ఎదురయ్యేవి వెంచర్ల వాచ్‌మన్లవి, క్యారేజికి టిఫిను డబ్బా కట్టుకొని పనికి పోయే మేస్త్రీలవి. వాళ్ళ సైకిలుకు కప్పు లేదు, దారీ లేదు, పక్కన దూసుకుపోయే టిప్పర్లున్నాయి. వాళ్ళు నన్ను, నా హెల్మెట్టును చూసి నవ్వుకుంటారు. నవ్వుకోవడం న్యాయమే. విరిగిన రోజున నేను మూడు కిలోమీటర్లు నడిపించుకుంటూ పోతుంటే అలాంటి ఒకాయన ఆగి, 'ఏమైంది సార్?' అని అడిగి, విరిగిన ముక్కను చూసి, 'గింత దానికేనా?' అన్నాడు. ఆ ప్రశ్నకు మన ఆర్థిక శాఖ వద్ద ఏం జవాబుందో తెలుసుకోవాలని ఉంది.

ఇటీవలి వార్త ఒకటి చెప్పి ముగిస్తాను. తెప్పించిన కొక్కెం బిగించే ముందు మా మెకానిక్ అన్న దాన్ని ఒక అట్టముక్క మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసుకున్నాడు. ఎందుకని అడిగితే 'ఉండనీ సార్' అన్నాడు. మొన్న నెలలో ఆ అట్టముక్క పట్టుకొని కాటేదాన్‌లో తనకు తెలిసిన లేతు షాపుకు వెళ్ళి సిల్వరు పలకలోనుండి ఒకటి కోయించుకొచ్చాడు. ఒక్కదానికైతే ఇంగ్లండు ధరకన్నా ఎక్కువ పడిందట. పది చేయిస్తే సగానికి వస్తుందని లేతు షాపతను చెప్పాడట. అదే మోడలు సైకిలున్న మరో తొమ్మిదిమంది కోసం వెదుకుతున్నాను, ఇంతవరకు ముగ్గురు దొరికారు. మొదట చేసినది మరీ మెత్తగా ఉండి వారంలో వంగిపోయింది. రెండోది ఆరు వారాలుగా నిలబడింది. మూడో గేరు నుండి నాలుగుకు మారేటప్పుడు కొంచెం కటకటమంటోంది. రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోయిందని అన్న అంటున్నాడు. ఆకురాయి పట్టిస్తే సరిపోతుందట. రేపు పొద్దున వెళ్ళాలి.